పంపెన జాడలో

ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు దారి దాదాపు 120 కిలోమీటర్లు. ఆ దారిని పోవు యాత్రికుని కన్నులకు మొదట మిరపకళ్లములును పత్తిచేలును, పిమ్మట కొత్తగూడెము చుట్టుపట్ల బొగ్గుగనుల మట్టిదిబ్బలును, ఆపైన పాల్వంచ విద్యుత్కేంద్రపు పొగగొట్టములును కనబడి, ఇక అరణ్యమెక్కడ మిగిలియుండునులే యని మనస్సు నిరాశపడు సమయమున, కిన్నెరసాని పరిసరముల నుండి టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ మొదలగు వృక్షములు ఒక్కటొక్కటిగా దారికి దగ్గరపడి గోదావరి దాక తోడువచ్చును. నడుమ నడుమ సారపాక కాగితపు మిల్లునకై రైతులు పెంచు జామాయిలు తోటలు వరుసలు తీర్చి నిలిచియుండును గాని, వానిని అడవి యనుట అడవికి న్యాయము కాదు. 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కిన్నెరసాని అడవి మాత్రము 635 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు వ్యాపించి, ఈ సీమ పూర్వము ఎట్లుండెడిదో నేటికిని కొంత చెప్పుచున్నది.

భద్రాద్రికి పోవువారెల్లరు రామదర్శనార్థమే పోవుదురు. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి కోవెల కట్టించి చెరసాల పాలైన కంచెర్ల గోపన్న కథను తలచుకొనని తెలుగువాడు ఆ గోదావరి గట్టున నిలువలేడు. నేనును ఆ తలపుతోడనే బయలుదేరితిని. అయినను ఈ పర్యాయము నా యాత్రకు వేరొక ప్రయోజనము తోడయ్యెను. అది ఒక చెట్టు వలన కలిగినది.

మాఘమాసపు చివరి దినములవి. ఖమ్మములో ఒక ప్రజోద్యానమున సాయంకాలము విశ్రమించితిని. చక్కగా పెంచిన తోట. రేల, ఆకాశమల్లె, నాగలింగము మొదలగు చెట్లకు మొదళ్ల యొద్ద పేరు పలకలు నాటియుండెను. పిల్లలు ఆ పలకలను గట్టిగా చదువుకొనుచు ఒక చెట్టు నుండి మరొక చెట్టునకు పరుగెత్తుచుండిరి. తూర్పుగోడ దాపున ఒక చెట్టు కడకు వచ్చునప్పటికి ఆ పరుగు ఆగుచుండెను. అచ్చట పలక లేదు. ఆ చెట్టు మాత్రము ఆ తోటలోనెల్ల విలక్షణముగా నుండెను. ఒక్కటే కాండము, కొమ్మ యన్నది లేక నిటారుగా రెండు నిలువుల ఎత్తు పెరిగి, శిరస్సున మాత్రము ఒక్కొక్కటి గజమునకు మించిన పొడవు గల మహాపత్రములను నలుదిక్కులకు చాచియుండెను. క్రింది ఆకులు కొన్ని అప్పటికే రాలిపోగా, అవి ఊడిన చోట్ల కాండము మీద అరచేయి మోపదగినంత వెడల్పైన మచ్చలు జంటలు జంటలుగా మిగిలియుండెను. బూడిదవన్నె బెరడు నిండ చిన్న చిన్న ఉబ్బులు. చేతితో తడిమిన బెరడు మెత్తగా, బెండువారినట్లు తోచెను.

పేరు తెలియని మొక్కను గుర్తించుటకు తొందరపాటు పనికిరాదు. పువ్వు గాని కాయ గాని లేనప్పుడు ఆకే సాక్షి. ఆకు చెప్పు సాక్ష్యమును క్రమముగా వినవలయును. చెంత నిలిచిన వారిలో ఒకరు దానిని అడవిమునగ యనిరి, ఒకరు పెద్దమాను పిల్ల యనిరి, ఇంకొకరు తురకవేప యనిరి. మూడును దూరమున నుండి చూచువానికి తోచదగిన పేర్లే. అయితే మునగ ఆకులు కాండము మీద ఒకటి ఒక ప్రక్క, మరొకటి మరొక ప్రక్క, ఒకదాని తరువాత ఒకటిగా పుట్టును. పెద్దమాను ఆకులును అట్లే పుట్టును, పైగా ఒక్క ఈనెకే రెండు వరుసల చిట్టియాకులను తాల్చి అంతటితో ఊరకుండును. తురకవేపయు ఆకుల అమరికలో వాని చాయనే పోవును. ఇచ్చటనో, ఆకులు జంటగా ఎదురెదురుగా పుట్టుచున్నవి. కాండము మీది మచ్చల జంటలే అందులకు నిదర్శనము. అంతేకాదు, నడిమి ఈనె నుండి కొమ్మయీనెలును, వాని నుండి పిల్లయీనెలును చీలి, వానికి చివరను కోడిగ్రుడ్డు ఆకారమున, కొన సాగిన చిట్టియాకులు అంచున గాట్లు లేక నున్నగా నిలిచియున్నవి. ఈ రెండు లక్షణములును కూడియుండుటతో వెదకవలసిన పరిధి ఒక్కసారిగా సన్నగిల్లెను. మన సీమలో ఎదురెదురుగా, ఇన్ని మడుగులుగా చీలిన ఆకులు గల పెద్ద చెట్లు అరుదు. అవి ఆకాశమల్లె పుట్టిన కుటుంబమున వెదకదగినవి. ఆ కుటుంబములోనే కలిగొట్టు చెట్టును కలదు గాని, దాని ఆకు ఒక్కసారి మాత్రమే చీలును. ఆకాశమల్లె ఆకు పెక్కుమార్లు చీలును గాని, దాని చిట్టియాకులు చిన్నవి, చెట్టు లేతనాటి నుండియే కొమ్మలు వేయును. పది అడుగుల దూరములో నున్న ఆ చెట్టుతో పోల్చి చూచుకొనుట నాకు సులభమయ్యెను.

ఇంతలో తోట ఊడ్చు ఒక పెద్దమ్మ చీపురు ప్రక్కన పెట్టి నా వాలకము చూచుచు నిలిచెను.

“ఈ చెట్టు పేరు తెలుసునా అమ్మా?” అని అడిగితిని.

“పేరేందో మాకెరుక లేదు సారూ. చలికాలం పోంగనే రాలుడు మొదలుపెడతది. మొదలు చిన్నాకు రాలుద్ది, ఎనక పుల్లలు కణుపు కణుపు కాడ ఇరిగి పడతయి. ఈ ఒక్క చెట్టు కిందనే గంపెడు పుల్లలెత్తాలె” అని, తాను కుప్ప చేసిన పుల్లలను చూపించెను.

ఆమె పేరు తెలియదన్నది గాని, తెలియవలసిన దానిని చెప్పనే చెప్పెను. ఆ కుప్పలో చేయి పెట్టి చూచితిని: జానెడు పొడవు మొదలు మూరెడు పొడవు వరకు గల ఈనె ముక్కలు, ప్రతి ముక్కకును రెండు చివరల ఉబ్బిన కీళ్లు, తెల్లబారి, ఎండి, తేలికైనవి. ఈ చెట్టు ఆకును ఒక్కటిగా రాల్చదు. చిట్టియాకులను ముందు రాల్చి, పిమ్మట మిగిలిన ఈనెల చట్రమును కీలుకీలుకు విడదీసి పడవేయును. పడమటి దేశముల వారు చెట్టు క్రింద పేరుకొను ఈ ముక్కలను చూచియే దీనికి విరిగిన యెముకల చెట్టని పేరు పెట్టుకొనిరి. మన అమరసింహుడు వనౌషధివర్గమున శ్యోనాకమునకు చెప్పిన పర్యాయములలో దీర్ఘవృంతమన్నదొకటి. ఆకు చూచి నేననుకొన్నదియు, ఆమె చీపురు చెప్పినదియు ఒక్క చోటికే చేరెను: ఇది శ్యోనాకము; తెలుగున దుండిలమనియు పంపెన యనియు చెప్పబడునది; వృక్షశాస్త్రజ్ఞుల ఓరాక్సిలమ్ ఇండికమ్.

గుర్తించుట యనగా పేరు చెప్పి చేతులు దులుపుకొనుట యని నేను తలచుటలేదు. ఉద్యానమున ఒంటిగా, కాయ లేక, పువ్వు లేక నిలిచిన బాలవృక్షమును ఆకుతో తేల్చుకొన్నంత మాత్రమున, దానితో పరిచయమైనదని చెప్పుకొనుటకు నా మనస్సంగీకరింపలేదు. అది తనంత తాను పుట్టి పెరుగు తావు గోదావరి గట్టు అడవులే యని తెలిసినవాడను గనుక, మరునాటి ప్రాతఃకాలమున భద్రాచలపు బస్సు ఎక్కితిని.

బస్సులో కూర్చున్నంతసేపు ఈ సీమ యొక్క ఎల్లల చరిత్రమే మనస్సున మెదలినది. భద్రాచలము తాలూకా 1874 వరకు మధ్యపరగణాలలో నుండి, ఆ సంవత్సరమున మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదలాయింపబడెను. ఖమ్మము మాత్రము నిజాము రాజ్యమున వరంగల్లు క్రింద నుండి, 1953లో వేరు జిల్లా యయ్యెను. భద్రాచలము 1959లో గాని దానిలో చేరలేదు. 2014లో భద్రాచలపు పరిసర మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. పట్టణము తెలంగాణములోనే నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో భాగమయ్యెను. నేడు పట్టణము దాటి కొన్ని అడుగులు వేసినచో ఎటపాక, అనగా వేరు రాష్ట్రము.

ఈ ఎల్లలకును మొక్కలకును సంబంధమేమని పాఠకుడు అడుగవచ్చును. సంబంధము కలదు. జె. ఎస్. గాంబిల్ 1915లో ప్రారంభింపగా, ఆయన మరణానంతరము ఫిషర్ 1936 నాటికి ముగించిన మద్రాసు రాజధాని వృక్షసంపుటములు దక్షిణదేశపు మొక్కలను గుర్తించువారికి ఇప్పటికిని పెద్ద ఆధారము. వాని పేరే చెప్పుచున్నట్లు అవి మద్రాసు రాజధానికి సంబంధించినవి. కనుక గోదావరి ఆవలి గట్టున భద్రాచలపు అడవి ఆ గ్రంథపు పరిధిలోనికి వచ్చెను, ఈవలి గట్టున పాల్వంచ అడవి రాలేదు. నదికి ఇరువైపుల ఒకే జాతి చెట్టు నిలిచియున్నను, ఒకటి పుస్తకములో, మరొకటి పుస్తకము వెలుపల! పుల్లయ్యగారు చెన్నయ్యగారితో కలిసి 1997లో ఆంధ్రప్రదేశ్ వృక్షసంపద గ్రంథమును ప్రకటించునాటికి ఈ రెండు గట్లును ఒక్క రాష్ట్రముననే యుండెను. ఆ పిమ్మట పదునేడేండ్లకు మరల గీత మారెను. మొక్కలను వెదకువాడు ఇచ్చట పటమును ఒక చేతను, రాజకీయ చరిత్రమును ఒక చేతను పట్టుకొనియే నడువవలసియున్నది.

ఈ విద్యకు మన తీరమున మంచి పునాది వేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1781 నుండి సామర్లకోటలో నివసించి, తోట వేసి, సర్కారు కొండల నుండి మొక్కలు తెప్పించి, దేశీయ చిత్రకారుల చేత వానిని వ్రాయించెను. 1795 మొదలుకొని 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ఆయన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున 300 చిత్రములు కలవు. ఈ దారి పొడవున నాకు కనబడిన తునికికిని, తపసికిని శాస్త్రనామములు ఆ గ్రంథము నుండియే వచ్చినవి. ఆయనలో నేను మిక్కిలి గౌరవించు గుణమొకటి కలదు: లాటిను పేరు పెట్టుటతో తృప్తిపడక, తెలుగువారు ఆ మొక్కను ఏమని పిలుతురో అడిగి వ్రాసికొనెను. సోమిద మ్రాను శాస్త్రనామములో ఆ తెలుగు మాట నేటికిని నిలిచియుండుటకు మూలము ఆ అలవాటే.

పంపెన చరిత్రము అంతకంటె పాతది. డచ్చివారి అధికారి వాన్ రీడె మలబారు తీరమున కూర్పించి 1678 నుండి 1693 వరకు 12 సంపుటములుగా అచ్చువేయించిన హోర్టస్ మలబారికస్ గ్రంథమున దీని చిత్రము కలదు. దాని ననుసరించియే లిన్నేయస్ 1753లో దీనికి బిగ్నోనియా ఇండికా యని పేరు పెట్టెను. ఇది మన దేశముననే గాక సింహళము, బర్మా, సయాము, మలయా, దక్షిణ చీనాల వరకు వ్యాపించిన చెట్టు. సయామువారు దీని లేతకాయలను కాల్చి తిందురు. చీనా వైద్యులు విత్తనములను ఔషధముగ వాడుదురు. హిమాలయ ప్రాంతపు బౌద్ధులు ఆ విత్తనములను మాలలుగా గ్రుచ్చి దేవతల కర్పింతురు.

భద్రాచలమున దర్శనమైన పిమ్మట, దుమ్ముగూడెము దారిలో ఆశ్రమపాఠశాల ఉపాధ్యాయుడైన నా మిత్రుని ఇంటికి చేరితిని. పర్ణశాలకు పోవు ఆ దారి గోదావరిని కొంత విడిచి, కొంత తగిలి సాగును. మిత్రుడు తన యెరుకలోని ఒక కోయ పెద్దను పిలిపించెను. ఆయన నేను జేబులో తెచ్చిన ఈనె ముక్కను త్రిప్పి చూచి, మారుమాట లేక, “పంపెన. కొండవాలుకు పోదాం పంతులూ, కాయలు కూడ ఉన్నయి” అనెను.

అర్ధక్రోశము నడచితిమో లేదో, వాగు దాటి ఎక్కు వాలులో, ఆకులు పూర్తిగా రాలిన నాలుగైదు చెట్లు కానవచ్చెను. ఆకులు లేకుండుటచేతనే వాని స్వరూపము స్పష్టమయ్యెను. నిలువు కాండములు, చివర మాత్రమే చీలిన రెండు మూడు మొద్దుకొమ్మలు, ఆ కొమ్మల కొనల నుండి నేలవైపు వ్రేలాడు ఖడ్గాకారపు నల్లని కాయలు. ఒకటి క్రింద పడియుండగా ఎత్తి చూచితిని. రెండు మూరలకు కొంచెము తక్కువ పొడవు, నాలుగు వ్రేళ్ల వెడల్పు. మ్రానువలె గట్టిపడిన రెండు పలకలు అంచుల వెంట అప్పుడే నోరు తెరచియున్నవి. లోపల విత్తనములు ఒకదానిపై నొకటి పొరలు పొరలుగా సర్దియుండెను. వ్రేలితో ఒకదానిని తీసితిని. నడుమ చదునైన గోధుమవన్నె బిళ్ల. దాని చుట్టు మూడు వైపుల ఉల్లిపొరవలె పలుచనై, వెలుగు చొరబారు తెల్లని రెక్క. ఆ రెక్కలో సన్నని నరములు కిరణములై అంచు వరకు పోవుచుండెను. ఊపిరి తగిలినంతనే అది అరచేతి నుండి లేచి, తిన్నగా నేలకు పడక, చుట్టు తిరుగుచు వాగు వైపు పోయెను. కాయ ఒక్కదానిలో ఇటువంటివి వందలుగా నుండును. చెట్టు ఆకులన్నియు రాల్చిన తరువాత, వేసవిగాలులు వీచునప్పుడు కాయ పగులుటలో ఎంతటి యుక్తి కలదో అచ్చట నిలిచి చూచినవానికే తెలియును: ఎగురు విత్తనమునకు అడ్డుపడుటకు ఆకు లేదు.

“పువ్వు ఎప్పుడు పూయును పెద్దాయనా?” అని అడిగితిని.

“వానకాలం మొదట్ల పూస్తది సారూ. పొడుగ్గ గెల లేస్తది. పువ్వు రాత్రే ఇచ్చుకుంటది, తెల్లారేసరికి కిందబడి ఉంటది. వాసన బాగుండదు. గబ్బిలాలు పువ్వును గోళ్లతోటి పట్టుకొని తాగుతయి” అని ఆయన చెప్పెను.

శాస్త్రజ్ఞులు మలయా, సయాము అడవులలో రాత్రులు కాచుకొని కనుగొన్నదియు ఇదియే. పువ్వు మాంసలమైనది, వెలుపల ఊదాయెరుపు, లోపల పసుపు మించినది. గబ్బిలము బరువును ఓర్చుటకే అంత మందముగా నుండును. గెల ఆకులకు మీదుగా ఆకాశమున నిలుచుట వలన గబ్బిలము రెక్కలకు అడ్డు లేదు. తన కుటుంబములోని పెక్కు చెట్లకు నాలుగు కేసరములే పుప్పొడి నీయగా, దీనికి ఐదును ఈయగలవు.

అంతవరకు ఉల్లాసముగా మాటాడుచున్న ఆ పెద్ద, వాలు మీద ఇంకొంత దూరము పోయిన పిమ్మట ఒక గుంట యొద్ద ఆగెను. మోకాలిలోతు గుంట, ప్రక్కన పడిన కాండము ఎండి పగిలియుండెను. “ఏళ్ల కోసం తవ్వినరు. ఏరు తీసినంక చెట్టేడుంటది? దారి పక్కన మా చిన్నప్పుడు శానా ఉండేటియి. ఇప్పుడు పైకి ఎక్కితేనే కనబడతయి” అని చెప్పి ఊరకుండెను.

దశమూలములలో శ్యోనాకము ఒకటి. మారేడు, గుమ్ముడు, కలిగొట్టు, నెల్లి, దుండిలము — ఈ ఐదును బృహత్పంచమూలములు; ఐదును చెట్లే. బాలింతరాలికి దశమూలారిష్టము పోయని ఇల్లు తెలుగునాట తక్కువ. ఆ సీసా మీది పేరు చదువు మనలో ఎందరికి ఆ చెట్లు తెలియును? శాస్త్రము చెప్పినది వేరు పట్ట. పల్లేరు, వాకుడు వంటి చిన్న మొక్కల వేరు తీసిన మరుసటి వానకు విత్తనము నుండి మరల మొలచును. ఏండ్లకేండ్లు పెరిగిన చెట్టు వేరు ఒలిచినచో ఆ చెట్టు అంతటితో సరి. దొరకుట అరుదైన కొలది అంగడిలోనికి ఇతర వృక్షముల పట్టలు ప్రవేశించినవి. పెద్దమాను పట్టను శ్యోనాకముగా అమ్ముట వైద్యగ్రంథములు వ్రాయువారు ఎరిగిన సంగతియే. తోటలో ఎవరో పెద్దమాను పిల్ల యన్నప్పుడు అది కంటికి కలిగిన భ్రమ మాత్రమే. అంగడిలో అదే భ్రమ రోగి కడుపులోనికి పోవుచున్నది. అందుచేత పేరు పలక యన్నది తోటకు అలంకారము కాదని నా దృఢాభిప్రాయము. దాని మీద లాటిను నామము ఒక్కటి వ్రాసి ఊరకుండక, దుండిలము, పంపెన, శ్యోనాకము అను మూడు పేర్లును, అది పెరుగు కొండవాలు ఎక్కడనో, దాని యే భాగము ఎందులకు వాడుదురో కూడ వ్రాయవలయును. వేరునకు బదులు కాండపు పట్టను గ్రహింపవచ్చునా యని నేటి పరిశోధకులు రెండింటి గుణములను పోల్చి చూచుచున్నారు. బైకలీన్, క్రైసిన్, ఓరాక్సిలిన్ అను పసుపువన్నె ద్రవ్యములు ఈ చెట్టు పట్టలో నుండుట వారు నిర్ధారించిన విషయమే. ఆ పోలిక ఫలించినచో చెట్టును చంపక మందు చేసికొనుట సాధ్యపడును. దానికై నేను మనసార ఎదురుచూచుచున్నాను.

పట్టను ఎట్లు పోల్చుకొందురని అడిగినంత, ఆ పెద్ద నడుమున దోపుకొన్న కత్తి తీసి, నిలిచియున్న ఒక చెట్టు బెరడు మీద గోరంత గాటు పెట్టెను. పైపొర క్రింద మెత్తని పసుపుపచ్చని పట్ట బయల్పడి, కొంతసేపటికి గాటు అంచున ఆకుపచ్చని రసము ఊరెను. ఆయన దానిని వ్రేలికి అద్దుకొని నా వ్రేలికి తాకించి, నాలుకకు రాచుకొమ్మనెను. చేదు. అనంతరము వాగు అంచు నుండి తడిమట్టి తెచ్చి ఆ గాటును మూసివేసెను.

దిగివచ్చునప్పుడు గుంటకు నాలుగు బారల ఎడమున, రాతి సందున, గడచిన వానలకు మొలచిన పంపెన మొక్కలు మూడింటిని ఆయన చూపెను. జానెడు ఎత్తైనను లేవు. అప్పటికే ఆకులు ఎదురెదురుగా జంటలు దేలియున్నవి. “మేకలు ముట్టకుంటే నిలుస్తయి” అని, ఎండిన రేగుకంప ఈడ్చుకొనివచ్చి వాని చుట్టు కప్పెను. ఇంకొక కంప మా మిత్రుడు తెచ్చెను; మూడవది నేను తెచ్చితిని.